గోడకెక్కబోయిన గ్రేటెస్ట్ హిట్స్

పెళ్ళిచూపుల రోజున మా ఆయన నన్ను చూడకముందే నా రికార్డును చూశారు. మా ఇంటి హాల్లో రికార్డు ప్లేయరు పక్కన అది ఒక్కటే ఉండేది, ఎల్పీ రికార్డు. కాలేజీ రోజుల్లో బెంగుళూరు అవెన్యూ రోడ్డు ఫుట్‌పాత్ మీద పాత గైడ్ల మధ్య దొరికింది. రవిక గుడ్డకని అమ్మ ఇచ్చిన డబ్బు దానికి పెట్టేసి, ఆ పండక్కి పాత రవికే తొడుక్కుని తిరిగాను. ఒక ఇంగ్లీషు రాక్ బ్యాండు తన పాటలన్నిట్లోంచీ జనం మెచ్చినవి ఏరి ఒకేచోట వేసిన గ్రేటెస్ట్ హిట్స్ అది. అట్ట మీద నలుగురు మగాళ్ళు జుట్టు విరబోసుకుని నిలబడి ఉంటారు. అది చూసినప్పుడల్లా మా అమ్మ, "ఈళ్ళకి తలకి నూనె పెట్టేవాళ్ళు ఎవురూ లేరా?" అని బాధపడేది.

పెళ్ళికొడుకు ఆ అట్ట చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "ఓ... గ్రేటెస్ట్ హిట్సా" అన్నారు. అని నవ్వారు. ఆ నవ్వు సంగతి చెప్పాలి. వెక్కిరింత అయితే నేనూ ఒక మాట అనేసి ఊరుకునేదాన్ని. అది 'పాపం, ఈ అమ్మాయికి తెలిసింది ఇంతే' అనే నవ్వు. పెళ్ళయి ఇరవై ఎనిమిదేళ్ళయింది. ఈ మధ్యలో ఆయన చేసినవి చాలా క్షమించాను. మా చెల్లెలి పెళ్ళికి తాళి కట్టే ముహూర్తం దాటాక తీసుకెళ్ళిన సంగతి కూడా క్షమించాను. ఆ నవ్వును మాత్రం క్షమించలేదు.

సంగతేమిటంటే, అదే బ్యాండుకి ఆయన కూడా వీరాభిమాని. బ్యాండు వేసిన ఆల్బంలన్నీ మొదటినుంచి చివరిదాకా వరసగా ఉన్నాయి ఆయన దగ్గర. ఇలాంటి అభిమానులకి ఒక మడి ఉంటుంది. ఆల్బం అంటే మొదటి పాట నుంచి చివరి పాటదాకా వాళ్ళు పేర్చినట్టే వినాలట. అందులోంచి బాగున్నవి ఏరి వేసిన రికార్డు ఏమీ తెలియనివాళ్ళకట. ఆ మాట పైకి అనరు. 'గ్రేటెస్ట్ హిట్స్' అనేటప్పుడు ముక్కు కొంచెం పైకి లేస్తుంది, అంతే.

కాడుగోడిలో మా ఇంట్లో ఆదివారం పొద్దున పదింటికి ఈ మడి కట్టుకున్నవాళ్ళు ముగ్గురు చేరతారు. మా ఆయన ఒకరు. రెండోవారు పెద్దాయన. సర్కారీ ఫ్యాక్టరీలో రిటైరై, డెబ్బై దాటినా జీన్స్ ప్యాంటు వదలని మనిషి. మూడో అతను గుంటూరు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ మేనేజరు. స్పీకర్లకి తగిలించడానికి కొన్న తీగల గురించే గంటసేపు మాట్లాడగలడు. ముగ్గురూ సోఫాలో వరసగా కూర్చుని స్పీకర్ల వైపు తిరుగుతారు. రికార్డు తిరిగే ప్లేయరు వాళ్ళ వెనక గోడ దగ్గర ఉంటుంది. మా ఆయన చేతులు కడుక్కుని, మెత్తటి గుడ్డతో రికార్డు తుడిచి, సూది పెట్టి, అట్టను అందరికీ కనిపించేలా ముందున్న స్టాండు మీద నిలబెట్టి వచ్చి కూర్చుంటారు. ఒక పక్క అయ్యేదాకా కళ్ళు తెరవకూడదు, మాట్లాడకూడదు. కుక్కరు విజిల్ కూడా రాకూడదు! ఆ ఇరవై నిమిషాలూ నా పప్పు ఉడకకుండా ఆగాలి. దేవుడికి హారతి ఇచ్చేటప్పుడైనా ఇంత నిష్ఠ నేను చూడలేదు.

ఒకసారి కాఫీ ఇస్తూ, "ఒక్క ఆదివారం నాది పెట్టరాదా?" అని అడిగాను.

పెద్దాయన ఎంతో దయగా చూసి, "చిత్రాన్నంలో చెనిక్కాయ పప్పులు మాత్రం ఏరుకొని తింటే అన్నం రుచి ఎట్ల తెలుస్తాదమ్మా?" అన్నారు.

"చిత్రాన్నం చేసేది నేనండీ. పళ్ళేలు ఎత్తేదీ నేనే. అన్నం మిగుల్తా ఉంటాది గానీ పప్పు ఒక్కటి మిగిలింది నేను చూడలేదు," అన్నాను.

పెద్దాయన దగ్గారు. మా ఆయన అట్ట తీసి దుమ్ము తుడిచారు, దాని మీద దుమ్ము లేకపోయినా.

మిగిలిన ఆరు రోజులూ ప్లేయరు నాదే. సాయంత్రం కూరగాయలు తరిగేటప్పుడు నా రికార్డు పెట్టుకుంటాను. ఆయన జిగణి నుంచి డ్యూటీ దిగి వచ్చి పేపరు చదువుతుంటారు. నేను మొత్తం పన్నెండు పాటలకీ గొంతు కలిపి, పోపు వేసి, రెండో పక్క తిప్పడానికి గరిటెతోనే వస్తాను. దానివల్ల నా రికార్డు మీద రెండు మూడు నూనె చుక్కలు పడిన మాట నిజమే. గీతలు కూడా ఉన్నాయి. పాట పాటకీ మధ్య ఆవాలు వేగినట్టు చిటపటలాడుతుంది.

ఈ ఏడాది ఇల్లు మారాల్సి వచ్చింది. సర్జాపుర రోడ్డులో చిన్న ఫ్లాటు తీసుకున్నాం. అక్కడ ఒకటే గోడ బీరువా. అందులో రికార్డులు సగం కూడా పట్టవు. సగం ఎక్కడికి పంపాలి అని ఆలోచిస్తుంటే సాఫ్ట్‌వేర్ అతను చల్లటి కబురు తెచ్చాడు. వాళ్ళ ఫ్రెండ్ ఎవరో అటువైపే కాఫీ హోటలు తెరుస్తున్నాడట. గోడల నిండా పాత రికార్డులు మేకులు కొట్టి బిగిస్తాడట. అలంకారానికి! రికార్డు నడుమ చిల్లు దేవుడు మేకు కోసమే పెట్టాడని వాళ్ళ నమ్మకం కాబోలు.

మా ఆయన రెండు అట్టపెట్టెలు పెట్టి, ఒకదాని మీద 'ఇంటికి' అనీ, ఇంకోదాని మీద 'గోడకి' అనీ రాశారు. మేము కాడుగోడిలో ఉండే చివరి ఆదివారం పొద్దున 'గోడకి' పెట్టెలోకి తొంగి చూశాను. అన్నిటికంటే పైన నా నలుగురు జుట్టు విరబోసుకుని నన్నే చూస్తున్నారు.

"ఇదేమి ఇందులో ఉండాది?" అన్నాను.

"గీతలు పడిపోయి ఉండాది కదమ్మే. ఆ పాటలన్నీ మన ఆల్బంలలో ఎట్లాగూ ఉండాయి. నీ ఫోన్లోనూ ఉండాయి," అన్నారు, పేపరులోంచి తల ఎత్తకుండానే. "మధ్యాహ్నం ఒంటిగంటకి కాఫీ హోటలాయన వచ్చి తీస్కపోతాడు."

ఒళ్ళు మండిపోయింది. 'నాది, ఉండనీండి' అని ఒక్క మాటంటే ఆయన కాదనే మనిషి కాదు. నాకు తెలుసు. "సరేలే, నీ సరదా" అంటారు. నాకు ఆ 'సరేలే' వద్దు. జాలికి బతికే రికార్డు కాదు అది. అది 'ఇంటికి' పెట్టెలోకి వెళ్ళాలి, దర్జాగా వెళ్ళాలి. మధ్యాహ్నం ఒంటిగంటలోపు వెళ్ళాలి. లేదంటే సర్జాపురలో ఎవరో దాని నడుమ మేకు దించుతారు.

దేవుడు నా పక్షాన ఉన్నాడు. పెట్టెలు ఎత్తి ఎత్తి మా ఆయనకి నడుం పట్టేసింది. వేడినీళ్ళ సంచి వీపు వెనక పెట్టుకుని సోఫాలో కూలబడ్డారు. మిగిలిన ఇద్దరూ వచ్చి కూర్చున్నారు. ఈ ఇంట్లో ఆఖరి ఆదివారం కాబట్టి పెద్దాయన బ్యాండు వాళ్ళ నాలుగో ఆల్బం అడిగారు. అన్నిటికంటే కష్టమైనదీ, అరుదైనదీ అదేనట. మా ఆయన మెడ మాత్రం తిప్పి, "ఏమ్మే, కొంచెం నువ్వే పెట్టు. అంచు పట్టుకో, మధ్యలో ముట్టద్దు," అన్నారు. ఇరవై ఎనిమిదేళ్ళుగా రికార్డు ముట్టుకుంటున్న దానికి పాఠం!

ఆ నాలుగో ఆల్బంలో మొదటి పాట నాకూ ఇష్టమే. నా గ్రేటెస్ట్ హిట్స్ రెండో పక్క మొదలయ్యేది దానితోనే. తేడా అంతా ఆ తర్వాతే. ఆల్బంలో రెండోది పదకొండు నిమిషాలు సాగుతుంది. పాడేవాడు ఉండడు. ఎక్కడో గాలి వీస్తుంది, ఎవరో గంట కొడతారు, చాలాసేపటికి మళ్ళీ కొడతారు. ఆ రెండు గంటల మధ్య పెద్దాయన గురక పెట్టడం నేను చాలాసార్లు విన్నాను. నా రికార్డులో మాత్రం రెండోది, వీధిలో పోయేవాడు కూడా ఆగి తలాడించే పాట.

అంతే, బుద్ధి పుట్టింది. వాళ్ళ వీపుల వెనక 'గోడకి' పెట్టెలోంచి నా రికార్డు బయటికి లాగి, నాలుగో ఆల్బం నా అట్టలోకి తోసి, ఆ అట్టను మళ్ళీ పెట్టెలోనే పెట్టేశాను. నా రికార్డు ప్లేయరు మీద పెట్టి, రెండో పక్క పైకి తిప్పి, సూది దించాను. నాలుగో ఆల్బం అట్టను ఎంతో భక్తితో స్టాండు మీద నిలబెట్టాను. మొదటి పాట అయ్యాక ముగ్గురూ "అయ్యో, ఇదేమిటి" అని లేస్తారు. "ఇదీ మీరు గోడకి ఇచ్చేది. విని చెప్పండి" అని నడుం మీద చెయ్యి వేసుకుని అడగాలి. ఇదీ నా పథకం.

మొదటి పాట అయింది. చిటపట. నేను నడుం మీద చెయ్యి వేసుకున్నాను.

రెండో పాట ఇంకా మొదలవనేలేదు. ఆ రెండు మూడు క్షణాల ఖాళీలోనే పెద్దాయన బూటు నేల మీద తాళం వేసింది, రాబోయే పాట తాళం! సరిగ్గా దాని మీదే పాట వచ్చి పడింది. సాఫ్ట్‌వేర్ అతని తల ఊగింది. మా ఆయన వేలు వేడినీళ్ళ సంచి మీద డోలు కొడుతోంది. ఒక్కరూ కళ్ళు తెరవలేదు. గాలి ఏది, గంట ఏది అని ఒక్కరికీ అనుమానం రాలేదు. మూడో పాట, నాలుగో పాట... నేను నడుం మీద చెయ్యి తీసేసి, నోట్లో కొంగు కుక్కుకుని గోడకి ఆనుకున్నాను. నవ్వు ఆపుకోలేక కడుపు నొప్పెట్టింది. అప్పుడు అర్థమైంది నాకు. ఈ మడి అంతా ఆదివారం మడే. కుర్రతనంలో వీళ్ళు అందరూ ఈ గ్రేటెస్ట్ హిట్సే అరగదీశారు. ఏ పాట తర్వాత ఏ పాటో వాళ్ళ ఎముకల్లో ఉంది. తప్పు రికార్డు తిరుగుతున్నా, వాళ్ళ చెవికి తప్పు ఎక్కడా తగల్లేదు.

ఆ పక్క అయిపోయింది. పెద్దాయన కళ్ళు తెరిచారు. కళ్ళలో నీళ్ళు.

"అదీ! ఆల్బం అంటే అదప్పా," అన్నారు. "ఒక పాట ఇంకో పాట చెయ్యి పట్టుకొని నడిపిస్తా ఉండాది."

"సీక్వెన్సింగ్ అంటే ఇదీ అంకుల్," అన్నాడు సాఫ్ట్‌వేర్ అతను. "ఫస్ట్ ట్రాక్ నుంచి సెకండ్ లోకి ఎంత స్మూత్‌గా వెళ్ళిందో! ఏరి కూర్చిన కంపైలేషన్‌లో ఇది ఇంపాసిబుల్. పైగా ఆ చిటపటలు విన్నారా? డిజిటల్‌లో రాని అనలాగ్ వార్మ్త్ అంటే అదే."

అనలాగూ లేదు, ఏమీ లేదు. అది నా పప్పు పోపు. చెప్పేద్దామని నోరు తెరిచాను. కానీ పెద్దాయన చేతిరుమాలు తీసి కళ్ళు ఒత్తుకుంటున్నారు. ఏడుస్తున్న పెద్దమనిషి ముందు నవ్వడానికి నాకు నోరు రాలేదు. ఇంతలో సాఫ్ట్‌వేర్ అతను రికార్డు తీద్దామని లేచాడు. గబుక్కున నేనే తీసి, స్టాండు మీదున్న నాలుగో ఆల్బం అట్టలోకి తోసేసి, "కూచోండి, కాఫీ తెస్తా" అని వంటింట్లోకి పరుగెత్తాను. కాఫీ తాగాక నెమ్మదిగా చెప్పొచ్చు అనుకున్నాను.

కాఫీ పళ్ళెంతో వచ్చేసరికి పెద్దాయన లేచి నిలబడి ఉన్నారు. ఆ అట్ట ఆయన చంకలో ఉంది.

"ఈ ఇంటి గుర్తుగా ఇది నాకిచ్చినాడమ్మా మీ ఆయన," అన్నారు. "ఇంత బాగా ఎప్పుడూ వినబళ్ళేదు నాకు. దినామూ పెట్టుకుంటా."

"అంతగా ఇష్టపడినోళ్ళ దగ్గరే ఉండల్ల," అన్నారు మా ఆయన, పెద్ద మనసుతో. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు!

ఊరుకుంటే నా రికార్డు పెద్దాయన ఇంటికి పోతుంది, నా అట్టలో ఉన్న నాలుగో ఆల్బం ఒంటిగంటకి మేకుకి పోతుంది. చెబితే ముగ్గురు మగాళ్ళ పరువు పోతుంది, అందులో ఒకరికి డెబ్బై దాటాయి. దొంగకి తేలు కుట్టినట్టయింది నా పని. పెద్దాయన గుమ్మం దగ్గరికి వెళ్ళి బూట్లు వేసుకోవడం మొదలుపెట్టారు. ఆయన ఒక బూటు లేసు కట్టేదాకా ఓర్చుకున్నాను. రెండోది నావల్ల కాలేదు.

"అది నాదండీ," అన్నాను. "అట్ట మీదేనేమో గానీ లోపల ఉండేది నా గ్రేటెస్ట్ హిట్స్. ఇంతసేపూ మీరు విన్నదీ అదే. నేనే మార్చి పెట్టినాను."

పెద్దాయన అట్టలోంచి రికార్డు సగం లాగి, నడుమ చీటీ చదివారు. మళ్ళీ లోపలికి తోశారు. గొంతు సవరించుకున్నారు.

"నాకు తెలుసునమ్మా. రెండో పాటకే తెలిసిపోయింది."

"నాకు అంతకంటే ముందే అంకుల్," అన్నాడు సాఫ్ట్‌వేర్ అతను వెంటనే. "ఆ స్క్రాచ్ నాయిస్‌కే డౌట్ వచ్చింది. వైబ్ డిస్టర్బ్ చేయడం ఎందుకని ఆగాను."

అప్పటిదాకా నాకు భయమే ఉండింది. ఆ మాటతో అది కాస్తా పోయింది. పళ్ళెం బల్ల మీద పెట్టాను.

"ఆహా! తెలిసీ కండ్లు మూసుకొని కూచున్నారా? తెలిసీ కండ్లలో నీళ్ళు పెట్టుకున్నారా?" అన్నాను. "తెలీలేదంటే మీ చెవులు ఏమైనాయని అడగల్ల. తెలిసిందంటే నా రికార్డు మీకు ప్రాణమని ఒప్పుకోవల్ల. రెండిట్లో ఒకటి చెప్పి కదలండి."

సాఫ్ట్‌వేర్ అతను ఫోను తీసి, అందులో ఏదో చాలా ముఖ్యమైనది వెతకసాగాడు. పెద్దాయన నన్ను చూశారు, బూటును చూశారు. వంగి, కట్టిన లేసు విప్పేశారు.

"హాస్టల్లో మా రూములో ఈ రికార్డు ఒకటే ఉండె తల్లీ," అన్నారు, నేల చూస్తూ. "నాలుగేండ్లు విన్నాం. తక్కినవన్నీ ఉద్యోగం వచ్చినాక కొన్నవే." తర్వాత సోఫాలో తన చోటికి వచ్చి కూర్చున్నారు. "ఇంకో పక్క పెట్టు. పోతా పోతా అదీ విని పోతాం."

"నాలుగో ఆల్బం నా అట్టలో ఉండాది. మీకిచ్చినాడు కదా, తీసిస్తానుండండి," అన్నాను.

"అది మీ ఆయన దగ్గరే ఉండనీలేమ్మా," అన్నారు గబుక్కున. "మా ఇంట్లో జాగా లేదు."

ఇద్దరు పడిపోయారు. ఇంక మిగిలింది ఒక్కరు. ఆ నవ్వుకి ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత బదులు తీర్చుకునే గడియ వచ్చిందని, కొంగు బిగించి ఆయన ముందు నిలబడ్డాను.

"మీరు చెప్పండి. మీకు కూడా రెండో పాటకే తెలిసిందా?"

ఏం చెప్పినా తిప్పికొట్టడానికి నా దగ్గర మాట సిద్ధంగా ఉంది. తెలిసిందంటే ఒకటి, అనుమానం వచ్చిందంటే ఇంకొకటి. ఆయన వేడినీళ్ళ సంచి సర్దుకుని, నా వైపు కాస్త అయోమయంగా చూశారు.

"లేదమ్మే. నాకు తెలీనే లేదు," అన్నారు. "ఎట్ల తెలుస్తాది? ఈ ఇంట్లో దినామూ పాడేది అదే కదా, నీ గొంతుతో కలిపి. ఆ పాట ఐపోతే ఈ పాట వస్తాది. రాకుండా ఉంటే తెలిసేది నాకు."

ఏడుపు వచ్చేసింది. ఇద్దరు పరాయివాళ్ళ ముందు ఏడిపించినందుకు మళ్ళీ ఆయన మీదే కోపం వచ్చింది. ఇన్నేళ్ళు దాచుకున్న పోట్లాట, ఇంత కష్టపడి గెలిచిన పోట్లాట! ఒక్క మాటతో దానికి పని లేకుండా చేస్తారా మనిషన్నవాడు?

"కాఫీ చల్లారిపోతా ఉండాది, తాగండి అందరూ," అని గట్టిగా కసురుకుని, రికార్డు మొదటి పక్కకి తిప్పి సూది పెట్టాను. నా వెనక సోఫా కిర్రుమంది. లేవద్దని అరిచినా వినకుండా, ఆయన నడుం పట్టుకుని లేచి, 'గోడకి' పెట్టె దాకా కుంటుకుంటూ వెళ్ళి, నా అట్ట తీసి తెచ్చి స్టాండు మీద నిలబెట్టారు.